పుదీన తొట్టి రంగు

నేను చేసిన పళ్లెంలో నా భార్య రాధ అన్నం తినదని తెలిసిన రోజు దూలపల్లిలో మా ఇంటి ముందు ఎండ బాగా కాస్తోంది. ఆ ఎండలో పళ్లెం మరీ తెల్లగా కనిపించింది. సొంత బట్టీలో నుంచి తీసిన మొదటి పళ్లెం అది. చల్లారీ చల్లారకముందే చొక్కాలో చుట్టుకొని ఇంటికి తెచ్చాను.

రాధ దాన్ని రెండు చేతులా అందుకుంది. తిప్పి చూసింది. వేలి కణుపుతో అంచు మీద కొట్టి, మోగిన చప్పుడు విన్నది. తర్వాత అరుగు మీద జాగ్రత్తగా పెట్టింది.

"మంచిగనే ఉన్నది. గని గిండ్ల నాకు తినబుద్ధి గాదు."

"ఎందుకు?"

ఆమె ప్రహరీ మూలకు చూసింది. అక్కడ పుదీన తొట్టి ఉంది. నాకు అర్థమైంది.

అది తొట్టి కాదు. లేత నీలం రంగు లెట్రిన్ బేసిన్, కింద కూర్చునే రకం. బట్టీలో కాల్చినప్పుడు అడుగున చీలింది కాబట్టి ఎవరి ఇంట్లోకీ పోలేదు. గూడూరులో సిరామిక్స్ డిప్లొమా చేసి వచ్చిన తర్వాత నేను మేడ్చల్ రోడ్డులో అలాంటి సామాను చేసే ఫ్యాక్టరీలో చేరాను. మట్టి సామాను మీద గాజులా మెరిసే పూత ఉంటుందే, గ్లేజు, దాన్ని కలిపి పూయించే విభాగం నాది. చీలినవి, మచ్చపడినవి, వంకర తిరిగినవి పనివాళ్లు ఇళ్లకు పట్టుకుపోయేవాళ్లు. మా గల్లీలో ఒకరి ఇంటి ముందు తెల్ల వాష్‌బేసిన్‌లో తులసి, ఇంకొకరి ఇంటి ముందు దంతపు రంగు దాంట్లో కోళ్లకు గింజలు. అత్వెల్లిలో రాధ తమ్ముడు బాలమల్లు కొట్టంలో బర్లు గులాబీ రంగు బాత్‌టబ్బులో కుడితి తాగేవి. మా నీలం తొట్టిలో రాధ మట్టి నింపి పుదీన వేసింది. నీళ్లు నిలవకుండా కింది నుంచి పోయేవి కదా, పుదీన ఎగబడి పెరిగింది. గల్లీ అంతా పచ్చడికి మా ఇంటికే వచ్చేవాళ్లు.

"పుదీన గా లెట్రిన్‌లదే గదా, దాన్నయితే తింటవు," అన్నాను ఆ రోజు.

"పుదీన మట్టిల మొలిచింది. దాంట్ల గాదు," అన్నది రాధ. మనసు కట్టుకునే గోడలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో బయటివాడు చెప్పలేడు. లోపలివాళ్లకు మాత్రం ఇటుక ఇటుక తెలుసు.

నేను ఫ్యాక్టరీ ఎందుకు మానేశానని చాలామంది అడిగారు. సరైన కారణం ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. నేను పూత పూసిన వస్తువులన్నిటికీ మనుషులు వీపు చూపిస్తారు. కూర్చుంటారు, లేస్తారు, తలుపు వేసి పోతారు. వాళ్లు ముఖం వంచి చూసే వస్తువు ఒక్కటైనా నా చేతి నుంచి రావాలనిపించింది. అన్నం తినేటప్పుడు మనిషి పళ్లెంలోకి చూసినట్టు ఇంక దేనిలోకీ అంతసేపు చూడడు. ఆ ముఖం ఊహించుకున్నప్పుడల్లా అది రాధ ముఖమే అయ్యేది. అందుకే అరుగు మీది ఆ తెల్ల పళ్లెం నన్ను అంతగా బాధపెట్టింది.

ఆ పళ్లెం పిచ్చుకలకు నీళ్ల పళ్లెం అయింది.

తెలుపు వద్దనుకున్నాను. దూలపల్లి షెడ్డులో చిన్న గ్యాస్ బట్టీ పెట్టుకొని, అగ్గిపెట్టెంత మట్టి బిళ్లల మీద రంగులు కాల్చి చూసేవాణ్ని. గ్లేజు పచ్చిగా ఉన్నప్పుడు అన్నీ ఒకటే, సున్నం నీళ్లలా ఉంటాయి. ఏ డబ్బాలో నీలం ఉందో, ఏ డబ్బాలో గోధుమ ఉందో బట్టీ తెరిచేదాకా కంటికి తెలియదు. ఆ అనిశ్చితి నాకు ఇష్టంగా ఉండేది. మనుషులు కూడా లోపల ఏ రంగో కాలితే గాని తెలియదని అప్పట్లో అనుకునేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. కొందరు ఎంత కాలినా సున్నంలాగే ఉంటారు.

దంతపు రంగు తెచ్చాను. "గిది కోళ్లకు గింజలేసే దాని రంగు," అన్నది. గులాబీ తెచ్చాను. "మా తమ్ముని బర్ల రంగు." లేత ఆకుపచ్చ తెస్తే, "కొంపల్లి డాక్టరమ్మ ఇంట్ల చూసిన. మెట్ల కింద," అన్నది. నాకు తెలిసిన రంగులన్నీ ఆ ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్నవే. ఆ రంగులన్నిటినీ రాధ ఏదో ఒక ఇంటి వెనక చూసింది.

ఆషాఢంలో బోనాల రోజు బాలమల్లు వచ్చాడు. యాటకూర ఉడుకుతోంది. నేను మొండిగా పీట ముందు నా పళ్లెమే పెట్టాను, గోధుమ రంగుది.

బాలమల్లు దాన్ని ఎత్తి అడుగున చూశాడు, పక్కన చూశాడు.

"ఏం జూస్తున్నవ్ రా?" అన్నాను.

"ఫ్లష్ యాడున్నదా అని చూస్తున్న బావా."

రాధ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మా పాప వర్ష, అప్పటికి ఇంకా బడికి కూడా పోవడం లేదు, అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది.

"గట్ల కాదు గని బావా," అన్నాడు బాలమల్లు కూర వడ్డించుకుంటూ, "పట్నం మనుషులు తింటరు, వాళ్లకు అమ్ము. మా అక్కను పరేషాన్ చెయ్యకు. చిన్నప్పుడు ఈగ వాలిన అంబలి గూడ పారబోసేది, తెల్సా?"

"నువ్వు ముయ్యి," అన్నది రాధ. "ఇయ్యాల పండుగ."

బాలమల్లు నా పళ్లెంలోనే తిన్నాడు, బొక్కలు చీకి అంచున పేర్చాడు, మళ్లీ వేయించుకున్నాడు. రాధ ఎప్పటిలాగే స్టీలు కంచంలో తిన్నది. నేను ఆమెనే చూస్తున్నానని ఆమెకు తెలుసు. తల ఎత్తలేదు.

ఆ పళ్లెం కన్నా శుభ్రమైన వస్తువు ఆ ఇంట్లో లేదు. అది రాధకూ తెలుసు. తెలియడం వేరు, పిడికెడు అన్నం నోటిదాకా రావడం వేరు. రెంటి మధ్య చిన్నప్పటి నుంచీ పోగైన ఏవో వాసనలు, మాటలు, వద్దన్న చేతులు ఉంటాయి. వాటితో వాదించలేం. వాటికి చెవులు ఉండవు.

ఆకుపచ్చ ఆ తర్వాతి చలికాలంలో వచ్చింది. శామీర్‌పేట నుంచి సీతాఫలాల గంపలు వచ్చే రోజులు. రాధ షెడ్డుకు అన్నం తెచ్చింది, బల్ల మీద ఆరబెట్టిన బిళ్లల్లో ఒకటి తీసింది. రాగి కలిపిన పూత అది. గీతలు గీసిన మట్టి మీద పోస్తే, పల్లంలో చిక్కటి ఆకుపచ్చగా నిలిచి, మిట్టల మీద పాలిపోయి, అచ్చం సీతాఫలం తోలులా ఉంది. ఆ బిళ్లను చెంపకు ఆనించుకుంది.

"గిదేం రంగు?"

"నమూనా. ఊరికె చూద్దామని."

"గిండ్ల చెయ్యి పళ్లెం. తింట."

అంత సులువుగా అన్నది. నేను సాయంత్రం దాకా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగాను.

కాని అంత పచ్చదనం రావాలంటే పూతలో సీసం ఉండాలి. సీసం, రాగి కలిస్తే పులుపుకు ఆగవని చదువుకున్నదే. ఫ్యాక్టరీలో సీసం ముట్టుకునేవాళ్లం కాదు. ఏమో, వేడి కొంచెం పెంచితే, గాజు గట్టిపడితే, పూతలోనే కట్టుబడి ఉంటుందేమో అనుకున్నాను. ఆశ ఉన్నప్పుడు చదువు కూడా మన వైపే మాట్లాడుతుంది. ఒక పళ్లెం చేశాను. బట్టీ తెరిస్తే అంత అందమైనది నేను అంతకు ముందు చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు.

సీసం దిగుతుందో లేదో చూడాలంటే సిర్కా, అంటే వెనిగర్, పోసి ఒక రోజు ఉంచాలని పుస్తకంలో ఉంది. మా ఇంట్లో సిర్కా ఎవరు తింటారు? రాధకు పూటపూటా పచ్చిపులుసు కావాలి. చింతపండు పిసికి, కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేసి, పొయ్యి ఎక్కించకుండా చేసే పులుసు. ఆ పులుసే గిన్నెలో తీసుకుపోయి పళ్లెంలో పోసి మూతపెట్టాను.

మర్నాడు పొద్దున మూత తీస్తే పులుసు అంచు దగ్గర పళ్లెం చుట్టూ పాలిపోయిన గీత పడింది. లోపల ఆకుపచ్చ మసకబారింది. ఆ రంగు ఎక్కడికి పోయిందో తెలుసు. పులుసులోకి. సీసానికి రంగు ఉండదు, అది ఎంత పోయిందో కంటికి కూడా ఆనదు.

ఒక్క పూట తింటే ఏమీ కాదు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక్క పూట ఆమె నా పళ్లెంలోకి ముఖం వంచి తింటే చాలు. అయితే రాధ ఒక్క పూట తిని ఊరుకునే మనిషి కాదు. నచ్చిన దాన్ని రోజూ వాడుతుంది, వర్షకు కూడా దాంట్లోనే కలిపి పెడుతుంది. ఇంటికి వెళ్లి చెప్పాను.

"అంటే విషమా?" అన్నది.

"పులుపు పోస్తె దిగుతది."

ఆమె నవ్వింది, బాగా నవ్వింది కూడా. "మంచిగున్నది వర్ష నాయినా నీ యవ్వారం. తినదగ్గ వాటిల్ల తినబుద్ధి గాదు. తినబుద్ధయిన దాంట్ల తినరాదు."

ఆ పళ్లేన్ని నేను పగలగొట్టలేదు. గోడకు మేకు కొట్టి షెడ్డులో వేలాడదీశాను, ఎవరూ తినకుండా ఎత్తుగా.

ఆ తర్వాత ఏళ్లు ఆ ఆకుపచ్చను సీసం లేకుండా పట్టుకోవాలని గడిచాయి. ఊక బూడిద కలిపాను, చెరువు ఒండ్రు కలిపాను, వేడి పెంచాను, తగ్గించాను. పులుసుకు ఆగే రంగులు చాలా వచ్చాయి. ఎండిన తుమ్మాకు రంగు, నాచు రంగు, తడిసిన రాయి రంగు. శామీర్‌పేట చెరువు వైపు కొత్తగా లేచిన రిసార్టుల వాళ్లు వాటిని ఇష్టపడి తీసుకుపోయారు. ఆదివారాలు పట్నం నుంచి వచ్చినవాళ్లు వాటిలోకి ముఖాలు వంచి తిన్నారు. ఒకసారి నేను పోయి దూరం నుంచి చూశాను కూడా. నాకు ఏమీ అనిపించలేదు. అనిపిస్తుందేమోనని బల్లలు ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను.

సీతాఫలం ఆకుపచ్చ మాత్రం రాలేదు.

పని పెరిగాక రాధ కూడా షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. పళ్లెం మీద వేలి కణుపుతో కొట్టి, చప్పుడును బట్టి కంటికి కనిపించని పగులు ఉన్నదాన్ని పక్కన పెట్టేది. మంచివాటిని వరిగడ్డిలో చుట్టి పెట్టెలకెత్తేది. మధ్యాహ్నం ఆ పళ్లేల గుట్టల మధ్య కూర్చొని, స్టీలు టిఫిన్ డబ్బా విప్పి, డబ్బా మూతలో అన్నం కలుపుకొని తినేది. ఇప్పుడు తలచుకుంటే ఆ రోజులే మంచివి. వర్ష బడి నుంచి వచ్చి విరిగిన బిళ్లలతో దుకాణం ఆడేది. రేకుల మీద వాన పడితే మాటలు వినిపించేవి కావు. మాకు మాట్లాడుకోవలసినవి కూడా పెద్దగా ఉండేవి కావు. నేను అడగడం మానేశాను. మానేసినందువల్ల ఆశ పోలేదు, చప్పుడు చేయడం మానేసింది అంతే.

కొత్త శతాబ్దం వచ్చాక అన్నీ త్వరత్వరగా జరిగాయి. నేను పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడింది. బాలమల్లు పొలం ప్లాట్లయింది, బర్లు పోయాయి, గులాబీ టబ్బు ఎక్కడ పోయిందో అతనికే తెలియదు. మా గల్లీ మొత్తం ఒక బిల్డరు తీసుకున్నాడు, షెడ్డు ఒక్కటే మిగిలింది. మేము పేట్ బషీరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటుకు మారాం. సామాను ఎక్కించేరోజు హమాలీలు పుదీన తొట్టిని ఎత్తబోయారు. మట్టి బరువుకు పాత చీలిక తెరుచుకొని రెండు ముక్కలైంది.

"పోనియ్ అమ్మా, లెట్రిన్‌దే గదా," అన్నాడు ఒకతను.

రాధ అతని వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. అప్పుడు దాని అర్థం తెలియలేదు. పుదీన వేళ్లు ప్లాస్టిక్ కవర్లో వేసుకొని ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుంది.

ఫ్లాటులో బాత్రూములు తెల్లగా ఉన్నాయి. గోడలు, నేల, అన్నీ తెలుపు. బాల్కనీలో బకెట్లో వేసిన పుదీన బతికింది గాని పొట్టిగానే మిగిలింది. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం రాధ అక్కడ నీళ్లు పోస్తూ, నా వైపు తిరగకుండా అడిగింది.

"మన తొట్టి రంగు యాదికున్నదా నీకు?"

"ఎందుకు లేదు? నేను కలిపిందే గదా."

"గా రంగుల ఒక పళ్లెం చేస్తవా?"

"ఎవలకు?"

"నాకే."

నేను చేతిలో పేపరు మడిచాను. ఏమన్నా అంటే ఆ మాట వెనక్కి పోతుందేమోనని భయం వేసింది. అన్నేళ్లు లెట్రిన్ కాని రంగు కోసం తిరిగాను. ఇప్పుడు ఆమె అడుగుతున్నది సాక్షాత్తూ ఆ రంగునే. తొట్టి కళ్ల ముందు ఉన్నన్నాళ్లూ అది ఏమిటో ఆమెకు తెలుసు. అది పోయాక అది ఎక్కడ ఉండేదో మాత్రమే మిగిలింది: ప్రహరీ మూల, పొద్దున ఎండ, పచ్చడికి వచ్చినవాళ్ల పలకరింపులు. అసహ్యం కూడా ఇల్లు మారుతుందని నేను ఎక్కడా చదవలేదు.

ఆ నీలం పాళ్లు నాకు కంఠస్థం. సీసం లేదు, రాగి లేదు. పులుపుకు చెక్కుచెదరనిది, నేను చేసిన పూతలన్నిటిలోకీ అదే గట్టిది. వారం తిరగకుండా పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టాను.

రాధ చూసింది. కళ్లజోడు తీసి మళ్లీ చూసింది.

"గిది గాదు."

"గిదే రాధా. కంపెనీ రంగు అచ్చం గిదే. నా మీద నమ్మకం లేదా?"

"కంపెనీది అయితే అయితది. మనది గాదు."

కోపం వచ్చింది. కాలిన గ్లేజు వెలిసిపోదు, ఎండకు మారదు, ఆమె గుర్తు తప్పు అని నాకు తెలుసు. కాని తప్పు గుర్తు కూడా ఎక్కడి నుంచో వస్తుంది. రెండు మూడు రోజులు కళ్లు మూసుకొని ఆ మూలను చూడడానికి ప్రయత్నించాను. మొదట కనిపించింది ఫ్యాక్టరీ నీలమే. నా కళ్లు దాన్ని ఎప్పుడూ కలిపినవాడి కళ్లతోనే చూశాయి. నీళ్లు పోసిన రాధ కళ్లతో చూస్తే ఏముంటుంది? వంగినప్పుడు తొట్టి లోపలి గోడ కనిపిస్తుంది. దాని మీద పుదీన నీడ పడుతుంది. నీలంలోకి ఆకు రంగు దిగుతుంది. బయట మాత్రం దూలపల్లి బోరునీళ్లు కారి కారి తెల్లటి ఉప్పు పొర కట్టి ఉంటుంది.

అయితే ఆమె చూసింది ఒక రంగు కాదు.

నీలంలో పసుపు రంగు పొడి చిటికెడు చిటికెడుగా పెంచుకుంటూ బిళ్లలు కాల్చాను. తెల్ల పొర కోసం సున్నం ఎక్కువ కలిపిన మసక పూత పైన వేశాను. చూడటానికి అదే, బోరునీళ్ల చారిక. కాని పచ్చిపులుసు పోస్తే ఆ మసక పూత ఒక్క రోజుకే గరుకుబారింది. మళ్లీ అదే కథ అనుకున్నాను, కాసేపు. తర్వాత, తొట్టి మీద ఆ పొర ఎక్కడ ఉండేదో గుర్తు చేసుకున్నాను. బయటి వైపు. అన్నం తగలని వైపు. లోపల ఆకు ఛాయ నీలం, వెనక వైపు అడుగున, బయటి అంచున మసక తెలుపు వేసి కాల్చాను. లోపలి పూతను పట్నంలో ల్యాబుకు కూడా పంపాను. సీసం లేదని కాగితం వచ్చింది.

కాగితం రాధకు చూపలేదు. పళ్లెం చూపాను. ఆమె దాన్ని బాల్కనీలోకి తీసుకుపోయి, పుదీన బకెట్ పక్కన పట్టుకొని, వంగి చూసింది. చాలాసేపు వంగే ఉంది.

"పులుసు పోసి చూసినవా?"

"చూసిన."

"నేను జూస్త," అన్నది. తనే చింతపండు పిసికింది. పళ్లెం నిండా పోసి, మూత పెట్టి, వంటింటి కిటికీలో ఉంచింది. మర్నాడు మధ్యాహ్నం మూత తీసి, పులుసు సింకులో పారబోసి, బొటనవేలితో పులుసు నిలిచినంత మేరా రాసి చూసింది. గీత లేదు. వేలిని వాసన చూసింది. పళ్లేన్ని బోర్లించి కణుపుతో కొట్టింది. మోగింది.

అప్పుడు అన్నం పెట్టుకుంది. పచ్చిపులుసు పోసుకుంది. అక్కడే, వంటింటి నేల మీద కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"గట్ల జూస్తె ఎట్ల తినాలె?" అన్నది.

నేను హాల్లోకి వచ్చి కూర్చున్నాను. అక్కడి నుంచి ఆమె వీపు కనిపిస్తుంది. తల వంచుకొని ఉంది. ముఖం పళ్లెంలోకి ఉంది, నాకు కనిపించదు. ఎన్నో ఏళ్లుగా నేను ఊహించుకున్న ముఖం అదే గాని ఊహలో నేను ఎదురుగా ఉండేవాణ్ని. వేళ్లు పళ్లెం మీద గీరుకునే చప్పుడు మాత్రం వినిపించింది. స్టీలు కంచం చప్పుడు కాదు అది. మెత్తగా, తడిగా ఉంది.

తిన్నాక, ఎప్పుడూ కంచంలో చేసినట్టే, చెంబుతో నీళ్లు పోసుకొని పళ్లెంలోనే చెయ్యి కడిగింది. లేచి సింకు దగ్గరికి పోతూ అన్నది:

"బాలమల్లుకు జెప్పకు. ఫ్లష్ యాడున్నదని అడుగుతడు."

"జెప్ప."

"వర్షకు గూడ ఒకటి చెయ్యి," అన్నది పళ్లెం కడుగుతూ. "గా పిల్లకు తొట్టి రంగు యాదికి లేదంట."